అమ్మోనియా టీచరమ్మ చేపలు

చేపల్ని కొనమని నాకు ఏ డాక్టరూ చెప్పలేదు. బీపీ ఉంది, ఉప్పు తగ్గించండి, కోపం తగ్గించండి అని మాత్రమే చెప్పాడు. ఉప్పు తగ్గించాను. కోపం దగ్గర ఆగిపోయాను. ఇరవై రెండేళ్ళుగా ఇంటర్మీడియట్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్న మనిషిని కోపం తగ్గించుకోమంటే ఉద్యోగం మానుకోమన్నట్టే.

మా స్టాఫ్ రూములో ఫిజిక్స్ చెప్పే ఆవిడ ఉంది. లోకంలో ఉన్న ప్రతి రోగానికీ ఆవిడ ఫోనులో ఒక వీడియో ఉంటుంది. నా బీపీ సంగతి వినగానే ఒకటి తీసి చూపించింది. పచ్చటి నీటిమొక్కల మధ్య, నీలం గీతా ఎర్ర గీతా ఉన్న బుల్లి చేపలు ఒక వంద దాకా, ఎవరో ఈల వేసినట్టు అన్నీ కలిసి ఇటు తిరుగుతున్నాయి, అన్నీ కలిసి అటు తిరుగుతున్నాయి. రోజూ పావుగంట వీటిని చూస్తే బీపీ దానంతటదే దిగుతుందట. బీపీ సంగతి నేను నమ్మలేదు. నన్ను పడగొట్టింది ఆ క్రమశిక్షణ. నా క్లాసులో అరవై మంది కూర్చుంటారు, బెల్లు మోగినప్పుడు తప్ప ఎన్నడూ అందరూ ఒకే వైపు తిరిగింది లేదు.

మేం సీతాఫల్‌మండిలో ఒక ఇంటి పై వాటాలో అద్దెకు ఉంటాం. నేనూ, కొరియర్ ఆఫీసులో పనిచేసే మా ఆయనా, మా అత్తగారూ. గుంటూరు వైపు నుంచి వచ్చి పాతికేళ్ళయినా మా అత్తగారికి ఈ ఊరి నీళ్ళ మీద, పాల మీద, షాపువాళ్ళ మీద నమ్మకం కుదరలేదు. కింద వాటాలో ఇంటాయన ఒక్కడే ఉంటాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయిన మనిషి. ఆయనకూ నాకూ అప్పటికి నాలుగు నెలలుగా మాటల్లేవు. నా చామంతి కుండీల్లో పోసిన నీళ్ళు గోడ మీంచి కారి, కింద ఆయన మంచం మీద ఎండబెట్టుకున్న చల్లమిరపకాయల మీద పడ్డాయి. ఆయన ఏదో అన్నాడు. నేను దానికి రెట్టింపు అన్నాను. ఆ తర్వాత కరెంటు బిల్లు దగ్గర నుంచి మోటారు వేసే వేళ దాకా ఏ కబురైనా మా అత్తగారి ద్వారానే నడిచేది. ఆవిడకది ఉద్యోగంలా ఉండేది, ఉత్సాహంగానే చేసేది.

ఒక ఆదివారం మా ఆయనా నేనూ సికింద్రాబాద్‌లో చేపల తొట్లమ్మే షాపుకి వెళ్ళాం. వీడియోలో ఉన్నవాటిని నియాన్ టెట్రాలంటారని అక్కడ తెలిసింది. ఒక్కోటీ అగ్గిపుల్ల కంటే కొంచెం లావు. షాపులో గోడనిండా తొట్లు, మెడలో ఇయర్‌ఫోన్లు వేలాడేసుకున్న ఓనరు. మా ఆయన ఒక్క తెలివైన ప్రశ్న అడిగాడు. తొట్టిలో నీళ్ళు పోసిన రోజే చేపల్ని వేసేయొచ్చా అని.

"ఇయ్యాల్నే ఏస్కోండ్రి సార్. ఏం గాదు. గీ మందు నాలుగు సుక్కలేస్తే నీళ్ళు రెడీ."

రెండడుగుల గాజు తొట్టి, ఫిల్టరు, గులకరాళ్ళు, ఒక ప్లాస్టిక్ కోట, మేత డబ్బా, పది చేపలు తీసుకున్నాం. ఆటోలో తొట్టిని ఒళ్ళో పెట్టుకుని మా ఆయన కూర్చుంటే నాకు చోటు లేదు. చేపల కవరు పట్టుకుని నేను ఎమ్ఎమ్‌టీఎస్ రైలు ఎక్కాను. ఉన్నది ఒక్క స్టేషనే. పక్కన కూర్చున్న ముసలావిడ కవరులోకి చూసి, ఇవి ఎందుకని అడిగింది. బీపీకి అన్నాను. ఆవిడ తల ఊపి, నీళ్ళతోనే మింగాలా, పరగడుపున మింగాలా అని అడిగింది. ఆయాసానికి బతికున్న చేపను మింగే ఊరు మనది, ఆవిడ తప్పేం లేదు. చూడ్డానికే అని చెబితే నిరాశపడి కిటికీ వైపు తిరిగింది.

కవరును తొట్టి నీళ్ళలో పావుగంట తేలనిచ్చి, ఆ తర్వాత వదలమని షాపువాడు చెప్పాడు. మా అత్తగారు ఐదు నిమిషాలు ఓపిక పట్టింది. పాపం వాటికి ఊపిరాడటం లేదంటూ కత్తెర తెచ్చి కవరు కోసేసింది. నేను లైటు వేసి, కుర్చీ జరుపుకుని, పావుగంట ప్రశాంతత కోసం కూర్చున్నాను.

చేపలు నేరుగా వెళ్ళి ఫిల్టరు వెనక మూలలో దూరాయి. పదీ ఒకదాని మీద ఒకటి, సాయంత్రం బస్సు ఫుట్‌బోర్డు మీద జనంలా. నీలం లేదు, ఎరుపు లేదు. బూడిదరంగు పుల్లలు పది. మా అత్తగారు వంగి వంగి చూసి తీర్పు చెప్పింది.

"ఇవి అవి కావే అమ్మాయ్. ఆ షాపువాడు కవరు మార్చేశాడు."

మర్నాడు పొద్దున్నే లేచి లైటు వేస్తే ఇంకా అన్యాయం. ఉన్న కాస్త రంగు కూడా పోయి, గాజుపెంకుల్లా తెల్లగా, కదలకుండా నీళ్ళలో నిలబడి ఉన్నాయి. పదికి పది పోయాయనుకున్నాను. షాపువాడి నంబరుకి ఫోను చేశాను. మూడోసారికి ఎత్తాడు. మీ చేపలకు రంగు వెలిసిపోయింది, ఇదేం చీరా ఉతికితే వెలిసిపోవడానికి అని దులిపేశాను. అంతా విని, ఆవులించి, ఇలా అన్నాడు.

"ఇప్పుడే లేచినయ్ మేడమ్. నేను సుత ఇప్పుడే లేచిన. జెర ఆగుండ్రి."

ఆగాను. కాఫీ తాగి వచ్చేసరికి తోకల దగ్గర ఎరుపు మొదలైంది. ఇంకాసేపటికి నీలం గీత కూడా వచ్చింది. చీకట్లో వాటి రంగు పోతుంది, వెలుతురు పడ్డాక మళ్ళీ వస్తుంది. లోకమంతటికీ తెలిసిన సంగతి, నాకు తెలియదు. షాపువాడికి మళ్ళీ ఫోను చేసి ఆ మాట చెప్పే మర్యాద నాలో లేదు.

ఆ వారం మా ఇంట్లో ముగ్గురం ఒకరికి తెలియకుండా ఒకరం చేపల్ని మేపాం. కొత్తచోట అవి భయపడి తినడం లేదు. వేసిన మేత అడుక్కి దిగిపోతోంది. తినలేదని ఇంకాస్త వేసేవాళ్ళం. మా ఆయన ఆఫీసుకి వెళ్ళే ముందు ఒక చిటికెడు, నేను కాలేజీ నుంచి రాగానే ఒక చిటికెడు. మధ్యలో మా అత్తగారు, ఆ రంగు కాగితపు ముక్కల్లాంటివి ఏం తిండి అని, ఉప్మా రవ్వ చల్లేది. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. నీళ్ళు పల్చటి గంజిలా తయారయ్యాయి.

నాకు శుభ్రం పిచ్చి. రోజూ ఫిల్టరు విప్పి, అందులో స్పాంజిని కుళాయి కింద పెట్టి, పిండి పిండి, ఇడ్లీలా తెల్లగా వచ్చేదాకా కడిగి మళ్ళీ బిగించేదాన్ని. నాలుగో రోజుకి చేపలు మూల వదిలేసి, నేను దగ్గరికి వెళ్ళగానే నీళ్ళ పైకి వచ్చి, నోళ్ళు తెరిచి మూస్తూ నిలబడ్డాయి. నన్ను గుర్తుపడుతున్నాయనుకున్నాను. ఫోనులో వీడియో తీసి స్టాఫ్ రూములో చూపించాను. ఎంత ప్రేమో చూడండి అని ఫిజిక్స్ ఆవిడ అంది. ఇద్దరం కలిసి ముప్ఫై ఏళ్ళకు పైగా సైన్సు చెప్పిన వాళ్ళం.

ఐదో రోజు ఒకటి చచ్చి పక్కకు ఒరిగి కనిపించింది. ఆరో రోజు రెండు. అప్పుడు కూడా అవి ఊపిరి కోసం పైకి వస్తున్నాయని నాకు తట్టలేదు. ఇంట్లో వైద్యం మొదలైంది. ఫిజిక్స్ ఆవిడ కల్లుప్పు వేయమంది, వేశాను. మా ఆయన షాపు నుంచి నీలం మందు తెచ్చి, సీసా మీద ఐదు చుక్కలని ఉంటే, రోగం ముదిరింది కదా అని మూత నిండా పోశాడు. తొట్టి మొత్తం తెల్లబట్టలకు పెట్టే నీలిమందు బకెట్టులా అయిపోయింది. లోపల ఏం ఉందో కనిపించదు. ఎన్ని బతికి ఉన్నాయో తెలియకపోవడమే ఆ పూట మాకు దొరికిన మనశ్శాంతి.

నాకు భయం వేసింది. ఒక్క చుక్క మిగల్చకుండా నీళ్ళన్నీ పారబోసి, గులకరాళ్ళకు సబ్బు ఒక్కటే పెట్టకుండా, అన్నీ రుద్ది రుద్ది కడిగి, కుళాయి నీళ్ళు నింపాను. ఆ పూట వచ్చిన నీళ్ళు బ్లీచింగ్ వాసన గుప్పుమంటున్నాయి. మనుషులు తాగే నీళ్ళు కదా, చేపలకేం అనుకున్నాను. మర్నాటికి ఇంకో రెండు పోయాయి. ఐదు మిగిలాయి.

నేను నిజంగా బాధపడింది ఆ పొద్దున. అంతవరకూ చిరాకు, అవమానం, షాపువాడి మీద కోపం, అంతే. చనిపోయినవాటిలో ఒకదాన్ని టీ వడగట్టే జాలీతో తీసి అరచేతిలో పెట్టుకుంటే, నీలం గీత ఇంకా మెరుస్తూనే ఉంది. బరువే లేదు. ఇంత చిన్నదానికి నేను వారం రోజుల్లో ఎన్ని రకాలుగా సాయం చేశానో ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను. మా అత్తగారు నా మొహం చూసింది. చేపను నా చేతిలోంచి తీసుకుని, ఒక స్టీలు మూతలో పెట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఇంటాయన ముందుగదిలో కిటికీ పక్కన ఒక పాత చేపల తొట్టి ఉందని నాకు తెలుసు. ఆరేళ్ళుగా ఆ కిటికీ ముందు నుంచే నడుస్తున్నాను. లోపల పాకుడు పట్టి, నీళ్ళు టీ డికాక్షన్ రంగులో ఉంటే, ఆయన సోమరితనానికి గుర్తనుకునేదాన్ని. సలహా కోసం ఆయన్ని అడగాలన్న ఆలోచన నాకు రానే లేదంటే అబద్ధం. వచ్చింది, కానీ చల్లమిరపకాయలు అడ్డం వచ్చాయి.

అత్తగారు పది నిమిషాలకు తిరిగి వచ్చి, కింద జరిగింది పూస గుచ్చినట్టు చెప్పింది. ఆయన చేపను తిరగేసి చూశాడట. మందులేం పోశారని అడిగాడట. ఈవిడ ఉప్పు, నీలం మందు, కుళాయి నీళ్ళు అన్నీ చెప్పి, తన ఉప్మా రవ్వ కూడా ఒప్పుకుంది. నాకు ఆ రవ్వ సంగతి తెలిసింది అప్పుడే. చివరికి ఆయన, మీ కోడలు పిల్లలకు ఏం చదువు చెబుతుందని అడిగాడట.

"కెమిస్ట్రీ అన్నాను. నవ్వాడే అమ్మాయ్."

నేను ఒంటికాలి మీద లేచేలోపు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఆయనే వచ్చాడు. గుమ్మం బయట చెప్పులు విడిచి, నా వైపు చూడకుండా, తొట్టి మూత ఎత్తి ముక్కు పెట్టి వాసన చూశాడు. వేలు ముంచి, బొటనవేలికి రుద్ది చూసుకున్నాడు. ఫిల్టరు చూపించమన్నాడు. నేను విప్పి స్పాంజి తీసి చేతికిచ్చాను. ఇల్లు ఎంత శుభ్రంగా ఉంచుతానో ఇప్పటికైనా చూడనీ అని లోపల కాస్త గర్వం కూడా. ఆ తెల్లటి స్పాంజిని ఆయన అటూ ఇటూ తిప్పి, పెద్ద నిట్టూర్పు విడిచాడు.

"టీచరమ్మా, చేప సుత ఉచ్చ బోస్తది గద. గది ఏడికి బోతది?"

ఇరవై రెండేళ్ళలో నన్ను ఎవరూ ఇంత సూటి ప్రశ్న అడగలేదు.

"అమ్మోనియా," అన్నాను. బోర్డు దగ్గరికి పిలిచి నిలబెట్టిన పిల్ల గొంతులా వచ్చింది నా గొంతు.

"మరి గది తినేటియి గీ స్పంజిల ఉంటయి. కంటికి కనబడయి. అయి పుట్టనీకి నెల వడ్తది. నువ్వు దినాం కడిగి మోరీల ఏస్తున్నవ్."

ఆ తర్వాత ఆయన చెప్పినదంతా నాకు తెలిసిందే. కొత్త తొట్టిలో ఆ సూక్ష్మజీవులుండవు. చేపలు వదిలేదీ, తినకుండా కుళ్ళిన మేతలోంచి వచ్చేదీ అమ్మోనియాగా మారి నీళ్ళలోనే పేరుకుంటుంది. చేపల మొప్పలు మండిపోతాయి, అందుకే పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. అమ్మోనియా నైట్రైటుగా, నైట్రైటు నైట్రేటుగా మారే బొమ్మను బాణం గుర్తులతో సహా బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. నాకు బాణాలన్నీ తెలుసు. అవి మా హాల్లో టీవీ పక్కన జరుగుతాయని తెలియదు, అంతే.

మర్నాడు తొట్టి నీళ్ళు ఒక చిన్న మందుసీసాలో నింపి కాలేజీకి తీసుకెళ్ళాను. సెకండియర్ పిల్లలకు సాల్ట్ ఎనాలసిస్ ప్రాక్టికల్స్ జరుగుతున్నాయి. అమ్మోనియాను పట్టుకోవడానికి మా ల్యాబులో నెస్లర్ ద్రావణం ఉంటుంది. అమ్మోనియా కొంచెం ఉంటే పసుపు, ఎక్కువుంటే నారింజ, మరీ ఎక్కువైతే గోధుమరంగు మడ్డి. పిల్లలు వాళ్ళ పరీక్షనాళికలతో కుస్తీ పడుతుంటే, నేను ఒక మూల నిలబడి నా సీసాలోంచి కాస్త పోసి రెండు చుక్కలు వేశాను. నీళ్ళు మార్చిన రెండు రోజులకే చిక్కటి నారింజ రంగు. ముందు బెంచీ అమ్మాయి ఒకతి తల తిప్పి చూసి, ఇది ఏ సాల్ట్ మేడమ్, మా లిస్టులో లేదే అని అడిగింది.

"మా ఇంటిది," అన్నాను.

ఇంట్లో అమ్మోనియం క్లోరైడ్ ఎందుకుంది మేడమ్ అని ఆ పిల్ల వదలలేదు. దాచి లాభం లేదనిపించి జరిగింది చెప్పాను. పది చేపలుండేవి, ఐదు ఉన్నాయి, నేను రోజూ స్పాంజి కడిగాను అని. ల్యాబు మొత్తం పని ఆపి విన్నది. ఆ రోజు నేను చెప్పిన పాఠం ఒక్కరు కూడా మర్చిపోయి ఉండరు. ఫిజిక్స్ ఆవిడకు మాత్రం ప్రేమ వీడియో సంగతి విడిగా, తలుపు వేసి చెప్పాను.

ఆ సాయంత్రం ఇంటాయన తన పాత ఫిల్టరులోంచి ఒక స్పాంజి ముక్క పట్టుకొచ్చాడు. నల్లగా, జిగటగా, ఆయనన్న మోరీలోంచి, అదే మురిక్కాలవలోంచి, తీసినట్టుంది. దాన్ని నా తొట్టి మీద పట్టుకుని గట్టిగా పిండాడు. కొత్తగా నింపిన నీళ్ళలోకి మట్టిరంగు మడ్డి ధారగా దిగింది. మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ స్పాంజిని మా తెల్ల స్పాంజి పక్కనే ఇరికించి, మూడు షరతులు పెట్టాడు. రోజూ ఒక్క బకెట్టు నీళ్ళు తీసి, ముందురోజు పట్టి, బ్లీచింగ్ పోయేలా మేడమీద నిలవ ఉంచిన నీళ్ళు పోయాలి. స్పాంజిని తన మాట లేకుండా ముట్టుకోకూడదు. మూడు రోజులు మేత వేయకూడదు. మూడోది మా ఇంట్లో నడవదని ఆయనకు ఎలా తెలిసిందో గానీ, వెళ్తూ వెళ్తూ మేత డబ్బాను జేబులో వేసుకుని వెళ్ళాడు. ఉప్మా రవ్వ డబ్బాను నేను బీరువాలో పెట్టి తాళం వేశాను. మా అత్తగారు రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. ఆకలితో చంపే ఇల్లు అయిందని మా ఆయనకు ఫిర్యాదు కూడా చేసింది.

ఇంకో చేప పోయింది. నాలుగు మిగిలాయి. ఆ తర్వాత పోవడం ఆగింది. నేను రోజూ సీసా పట్టుకుని కాలేజీకి వెళ్ళడం, పిల్లలు రంగు కోసం మూగడం అలవాటైపోయింది. నారింజ కాస్తా పసుపైంది. కొన్నాళ్ళకు లేత పసుపైంది. మూడు వారాలు దాటాక ఒక రోజు ద్రావణం వేస్తే నీళ్ళు నీళ్ళలాగే ఉండిపోయాయి. ముందు బెంచీ అమ్మాయి చప్పట్లు కొట్టబోయి, నా మొహం చూసి మానుకుంది. కొట్టినా నేనేం అనుకునేదాన్ని కాదు.

ఈలోపు ఇంటాయన రోజూ సాయంత్రం పైకి రావడం మొదలైంది. మేమిద్దరం ఎవరం ఎవరికీ క్షమాపణ చెప్పుకోలేదు. ఒక రోజు చూస్తే ఆయన మంచం గోడ నుంచి ఒక అడుగు అవతలికి జరిగి ఉంది. నేను కుండీలు ఒక అడుగు ఇవతలికి జరిపాను. అత్తగారి రాయబారం ఉద్యోగం పోయింది. దాని బదులు ఆయనకు టీ ఇచ్చి, వర్క్‌షాపు కబుర్లు వినే ఉద్యోగం దొరికింది. ఆవిడ ఆయన్ని అన్నయ్యగారూ అంటుంది, ఆయన ఆవిడను అక్కా అంటాడు. ఇద్దరిలో పెద్ద ఎవరో ఈనాటికీ తేలలేదు.

చేపలకు రంగు పూర్తిగా వచ్చింది. చిట్లిన తోక ఉన్నది ఒకటి, అన్నిటికంటే ముందు మూల వదిలి అద్దం దగ్గరికి వచ్చి, నేను వేసిన మేత పలుకును అందుకుంది. పక్కన మా ఆయన ఉన్నాడు కాబట్టి, దగ్గినట్టు చేసి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. అన్నీ బాగానే ఉన్నా నాకు ఒక్క లోటు ఉండిపోయింది. ఇవి వీడియోలోలాగా కలిసి తిరగడం లేదు. ఒకటి కోట దగ్గర, ఒకటి ఫిల్టరు కింద, ఒకటి పైన, దేని ఇష్టం దానిది. భయపడి మూల నక్కిన రోజుల్లో అయినా పదీ ఒక్కచోట ఉండేవి. ఈ మాటే ఇంటాయనతో అన్నాను.

"భయమైతేనే గట్టిగ గుంపు కడ్తయి బిడ్డా," అన్నాడు ఆయన. "నిమ్మళంగ ఉంటే దేని తొవ్వ దానిదే. గా వీడియోల ఎన్క నుంచి ఎవడో అదిలిచ్చుంటడు."

ఆ పూట నేను ఫోను తీసి ఆ వీడియో మళ్ళీ చూశాను. వంద చేపలూ ఒక్కసారి తిరిగినప్పుడల్లా, ఫ్రేము బయట ఎవరి చెయ్యి ఊగుతోందో అని వెతకడం తప్ప ఇంకేమీ చేయలేకపోయాను. క్లాసులో కూడా ఆ తర్వాత, నేను గదిలోకి వెళ్ళగానే అరవై తలలూ ఒకేసారి ఇటు తిరిగాయంటే నాకు కాస్త ఇబ్బందిగా ఉంటోంది.

అయితే నాలుగు మరీ తక్కువ, ఈ రకం చేప పక్కన తన జాతి లేకపోతే బెంగపడి మేత మానేస్తుందని కూడా ఆయనే చెప్పాడు. నీళ్ళు కుదుటపడ్డాక ఇంకో నెల ఆగి, ఆయన్ని వెంటబెట్టుకుని అదే షాపుకి వెళ్ళాం. ఆయన షాపులో ప్రతి తొట్టి ముందూ, సంబంధం చూడ్డానికి వచ్చిన పెద్దమనిషిలా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఒక తొట్టిలో ఒక్క చేప వీపు మీద తెల్లటి మచ్చ చూసి, అందులో ఏ ఒక్కటీ వద్దన్నాడు. ఇంకో తొట్టిలో మేత వేసి చూపించమన్నాడు. షాపువాడు విసుక్కుంటూ వేశాడు. గబగబా తిన్నవాటిని ఆరు ఏరించాడు. ఎప్పుడొచ్చినయ్ అని అడిగితే నిన్ననే అన్నాడు షాపువాడు. అయితే ఇంకో వారం నీ దగ్గర్నే ఉంచు, బతికినంక తీస్కపోతం అని ఈయన బేరం కుదిర్చాడు. షాపువాడు నన్ను గుర్తుపట్టలేదు. గొంతు విని ఉంటే గుర్తుపట్టేవాడు, అందుకే నేను నోరు మెదపలేదు.

వారం తర్వాత తెచ్చిన ఆరింటినీ కూడా ఆయన నేరుగా నా తొట్టిలో వేయనివ్వలేదు. కింద తన గదిలో ఒక నీలం ప్లాస్టిక్ టబ్బులో రెండు వారాలు విడిగా ఉంచాడు. పదో రోజున అందులో ఒకదాని వీపు మీద రంగు చెదిరి తెల్లబడింది. అంటురోగమని దాన్ని వెంటనే తీసి వేరే గిన్నెలో ఉంచాడు, రెండు రోజులకు అది పోయింది. నా తొట్టిలో వేసి ఉంటే పాతవి నాలుగూ పోయేవి. మిగతా ఐదూ ఏ మచ్చా లేకుండా పైకి వచ్చాయి. ఈసారి కవరును పూర్తిగా పావుగంట తేలనిచ్చాం. మా అత్తగారి చేతుల్లో కత్తెర లేదు, నేను ముందే దాచాను.

కొత్తవి ఐదూ తెల్లబడి మూలకు పోయాయి. పాత నాలుగూ ఎక్కడివక్కడే ఆగి, కాసేపు చూసి, ఒక్కొక్కటే ఆ మూల వైపు వెళ్ళాయి. వాటిలో చిట్లిన తోకది కొత్తవాటి ముందు నుంచి వెళ్ళి, మేత తిని, మళ్ళీ తిరిగి వచ్చింది. మర్నాడు సాయంత్రానికి కొత్తవాటిలో రెండు దాని వెనకే తొట్టి మధ్యకి వచ్చాయి. మూడో రోజుకి ఏవి పాతవో ఏవి కొత్తవో, ఆ తోకను బట్టి తప్ప నేను చెప్పలేకపోయాను.

ఆ వేసవిలో ఇంటాయన కాజీపేటలో ఉన్న కూతురి దగ్గరికి పది రోజులు వెళ్తూ, తాళంచెవి నా చేతికిచ్చాడు. ఆయన తొట్టిలో ఉండేవి బార్బ్ చేపలు, బొటనవేలంత. రోజు విడిచి రోజు చిటికెడు మేత వేయాలి, ఆవిరైనంత నీళ్ళు పోయాలి, అంతకుమించి ఏమీ చేయొద్దన్నాడు. నా చేతుల వైపు చూస్తూ రెండుసార్లు అన్నాడు.

రోజూ సాయంత్రం ఆ గదిలో పీట మీద కూర్చునేదాన్ని. అద్దానికి పట్టిన పాకుడు ఆయన కడగడం మరిచిపోయిన మురికి కాదని, చేపలు దాన్ని గీక్కుని తింటాయని అప్పుడు చూశాను. అయినా బ్రష్షు తీసుకోవాలని చేతులు దురద పెట్టేవి. ఆరో రోజు, అన్నిటికంటే పెద్ద బార్బ్ ఒకటి అడుగున పడుకుని ఉంది. కదిపితే కాస్త కదిలి మళ్ళీ పడుకుంది. కాజీపేటకు ఫోను చేశాను. నీళ్ళు మార్చనా, మందు వేయనా, నా సీసాతో పరీక్ష చేయనా అని ఊపిరి తీసుకోకుండా అడిగాను.

"దానికి ఐదేండ్లు దాటినయ్," అన్నాడు ఆయన. "పండుకోనియ్యి."

ఫోను పెట్టేశాను. నేను ఏమీ చేయకుండా రెండు రోజులు కూర్చున్నాను. నా జీవితంలో అంత కష్టపడిన రోజులు తక్కువ. ఎనిమిదో రోజు అది పోయింది. తీసి, పెరట్లో జామచెట్టు మొదట్లో పాతిపెట్టి, ఆయనకు చెప్పాను. సరేనన్నాడు.

తిరిగి వచ్చిన రోజు సంచి కింద పెట్టి, చొక్కా కూడా మార్చుకోకుండా తొట్టి ముందు నిలబడ్డాడు. నేను గుమ్మంలో, మార్కులు వేసిన పేపరు కోసం నిలబడ్డ పిల్లలా ఉన్నాను. చాలాసేపు చూశాడు. ఎక్కడ పాతావని అడిగాడు, చెప్పాను. పెరటి తలుపు తీసి జామచెట్టు వైపు ఒకసారి చూసి, లోపలికి వచ్చి, మేత డబ్బా మూత తీసి నా ముందు పట్టాడు.

"నువ్వే ఎయ్యి. పది దినాల సంది నిన్నే జూసినయ్."

చిటికెడు తీసి వేశాను. ఆయన టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాడు. రెండు గ్లాసులకు నీళ్ళు కొలుస్తున్న చప్పుడు వినిపించింది.